ట్రోమ్సో నుంచి లాంగియర్‌బియెన్‌కు ఎంత దూరం, ఎంతసేపు? కాగితం మీద లెక్క కట్టే పద్ధతి

మా మేనల్లుడు నార్వేలో చదువుకుంటున్నాడు. కిందటి చలికాలం ఫోను చేసి, “మామయ్యా, గోడమీది ప్రపంచపటంలో స్కేలు పెట్టి కొలిచాను. ట్రోమ్సో నుంచి లాంగియర్‌బియెన్‌కు మూడున్నర వేల కిలోమీటర్లు వస్తోంది. టికెట్టు మీదేమో గంటా నలభై నిమిషాలని ఉంది. అది విమానమా, రాకెట్టా?” అని అడిగాడు. వాడి స్కేలు తప్పు కాదు, కొలిచిన చెయ్యీ తప్పు కాదు. ఆ పటమే అలా చెబుతుంది. ఆ రాత్రి ఫోనులోనే వాడిచేత లెక్క చేయించాను. కావలసినవి ఒక కాగితం, పెన్సిలు, కొసైన్ మీట ఉన్న క్యాలిక్యులేటరు. ఇంటర్నెట్టులో ఊరి పేర్లు కొడితే దూరం వెంటనే వస్తుంది, నిజమే. కానీ ఒక్కసారి చేత్తో కట్టి చూసినవాడికి, తెరమీద వచ్చిన అంకె నమ్మదగ్గదో కాదో చూడగానే తెలిసిపోతుంది.

ముందు ఈ రెండు చోట్ల గురించి రెండు మాటలు. ట్రోమ్సో నార్వే ఉత్తర కొసన, ఆర్కిటిక్ వలయానికి పైన ఉన్న నగరం. దాని విమానాశ్రయం ఊరికి ఆనుకునే ఉంటుంది. లాంగియర్‌బియెన్ అక్కడి నుంచి ఇంకా ఉత్తరాన, సముద్రం దాటాక, స్వాల్‌బార్డ్ దీవుల్లో ఉన్న చిన్న ఊరు. బొగ్గు గనుల కోసం 1906లో పుట్టింది. జనాభా రెండున్నర వేలకు అటూఇటూ. 1975లో మొదలైన అక్కడి విమానాశ్రయం, ప్రయాణికులకు క్రమం తప్పకుండా విమానాలు నడిచేవాటిలో ప్రపంచంలోనే అన్నిటికంటే ఉత్తరాన ఉన్నది. రన్‌వే కింద నేల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటుంది. పైపొర కరిగి మళ్లీ బిగుసుకున్నప్పుడల్లా రన్‌వే ఎగుడుదిగుడవుతుంది, మరమ్మతులు చేస్తూనే ఉండాలి.

మొదటి మెట్టు: అక్షాంశ రేఖాంశాలు రాసుకోవడం

ట్రోమ్సో విమానాశ్రయం: ఉత్తర అక్షాంశం 69 డిగ్రీల 41 నిమిషాలు, తూర్పు రేఖాంశం 18 డిగ్రీల 55 నిమిషాలు.
లాంగియర్‌బియెన్ విమానాశ్రయం: ఉత్తర అక్షాంశం 78 డిగ్రీల 15 నిమిషాలు, తూర్పు రేఖాంశం 15 డిగ్రీల 28 నిమిషాలు.

ఊరివి కాకుండా విమానాశ్రయానివే తీసుకోండి. సెకన్ల దాకా పోనక్కర్లేదు. అక్షాంశంలో ఒక నిమిషమంటే నేలమీద ఒక నాటికల్ మైలు, అంటే 1.85 కిలోమీటర్లు. మన లెక్కకు అంత సూక్ష్మం చాలు.

చాలామంది బోల్తాపడేది ఇక్కడే. డిగ్రీకి అరవై నిమిషాలు, వంద కాదు. 78 డిగ్రీల 15 నిమిషాలను 78.15 అని క్యాలిక్యులేటరులో కొడితే తప్పు. 15ను 60తో భాగిస్తే 0.25, కాబట్టి అది 78.25. అలాగే 69 డిగ్రీల 41 నిమిషాలు 69.683 అవుతుంది, 69.41 కాదు. మావాడు మొదటిసారి సరిగ్గా ఈ తప్పే చేశాడు. ఆ ఒక్క పొరపాటుతో దూరం 19 కిలోమీటర్లు పెరిగి కూర్చుంది. రేఖాంశాలు కూడా ఇలాగే మార్చుకుంటే ట్రోమ్సోకు 18.917, లాంగియర్‌బియెన్‌కు 15.467 వస్తాయి.

రెండో మెట్టు: ఉత్తరానికి ఎంత ఎక్కాలి

78.25లోంచి 69.683 తీసేస్తే 8.567 డిగ్రీలు. అక్షాంశంలో ఒక డిగ్రీ ఎక్కడైనా ఇంచుమించు 111.2 కిలోమీటర్లే, విజయవాడ దగ్గరైనా స్వాల్‌బార్డ్ దగ్గరైనా. గుణిస్తే 952.7 కిలోమీటర్లు. పని దాదాపు అయిపోయినట్టే, ఎందుకంటే ఈ దారి చాలావరకు ఉత్తరానికే పోతుంది.

మూడో మెట్టు: పడమటికి ఎంత జరగాలి

ఇదే అసలు మెట్టు. రేఖాంశాల తేడా 3.45 డిగ్రీలు. దీన్ని కూడా 111తో గుణిస్తే 380 పైచిలుకు కిలోమీటర్లు వస్తుంది, అది పూర్తిగా తప్పు. రేఖాంశ రేఖలన్నీ ధ్రువం దగ్గర ఒక్కచోట కలుస్తాయి. పుచ్చకాయ మీది చారలు చూడండి: నడుము దగ్గర ఎడంగా ఉంటాయి, తొడిమ దగ్గరికి వచ్చేసరికి ఒకదానికొకటి రాసుకుంటాయి. హైదరాబాదు అక్షాంశంలో రేఖాంశం ఒక డిగ్రీ వెడల్పు 106 కిలోమీటర్లు. లాంగియర్‌బియెన్ దగ్గర అదే ఒక డిగ్రీ 23 కిలోమీటర్లకు కుంచించుకుపోతుంది.

ఎంత కుంచించుకుపోతుందో కొసైన్ చెబుతుంది. మన దారి రెండు అక్షాంశాల మధ్య సాగుతుంది కాబట్టి సగటు తీసుకుందాం: 69.683, 78.25 కలిపి రెండుతో భాగిస్తే 73.97 డిగ్రీలు. దాని కొసైన్ 0.276. 111.2ను 0.276తో గుణిస్తే 30.7 కిలోమీటర్లు, అంటే ఆ అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ వెడల్పు అది. 3.45 డిగ్రీలకు 106 కిలోమీటర్లు.

క్యాలిక్యులేటరు డిగ్రీల్లో ఉందా, రేడియన్లలో (కోణాన్ని కొలిచే మరో పద్ధతి) ఉందా అన్నది ముందే చూసుకోండి. 60 డిగ్రీల కొసైన్ కొడితే సరిగ్గా 0.5 రావాలి. రాలేదంటే రేడియన్లలో ఉన్నట్టే.

నాలుగో మెట్టు: కర్ణం

ఉత్తరానికి 952.7, పడమటికి 106. బడిలో చదువుకున్న లంబకోణ త్రిభుజమే ఇది. రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 958.6. సుమారు 958 కిలోమీటర్లు, నాటికల్ మైళ్లలో 517.

భూమిని పూర్తి గుండ్రంగా లెక్కవేసే కంప్యూటర్ కార్యక్రమాలూ 958 దగ్గరే చూపిస్తాయి. కొన్ని చోట్ల 961 కనిపిస్తుంది, అదీ తప్పు కాదు. భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కినట్టుంటుంది. ఆ చదునుదనం వల్ల అక్కడ అక్షాంశంలో ఒక డిగ్రీ 111.2 కాక 111.6 కిలోమీటర్లవుతుంది. ఆ తేడా పోగైతే మూడు కిలోమీటర్లు. విమానానికి అది పది పదిహేను సెకన్ల పని, పట్టించుకోకండి.

మరి గోడమీది పటంలో మూడున్నర వేలు ఎందుకొచ్చింది? అది మెర్కేటర్ పద్ధతిలో గీసిన పటం. రేఖాంశాలను కలవనివ్వకుండా నిలువు గీతలుగా గీసి, ఆ సాగతీతకు సరిపోయేలా పైకి పోయేకొద్దీ నిలువునా కూడా సాగదీస్తారు. కింద అచ్చువేసిన కొలమానం భూమధ్యరేఖ దగ్గరికే సరిపోతుంది. 78 డిగ్రీల దగ్గర ప్రతి పొడవూ దాదాపు అయిదు రెట్లు కనిపిస్తుంది. ఆ లెక్కన ట్రోమ్సో-లాంగియర్‌బియెన్ దూరం పటం మీద సుమారు 3,550 కిలోమీటర్లు కావాల్సిందే. అంటే మావాడు చాలా జాగ్రత్తగానే కొలిచాడు! పటంలో ఒక దేశమంత కనబడే స్వాల్‌బార్డ్ నేల విస్తీర్ణం నిజానికి 61 వేల చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో సగం కంటే కొంచెం ఎక్కువ.

ఈ త్రిభుజం ఎంతవరకు పనికొస్తుంది

వెయ్యి కిలోమీటర్ల లోపు, అందులోనూ ధ్రువానికి మరీ దగ్గర కాకుండా ఉంటే హాయిగా పనికొస్తుంది. తూర్పు పడమరలుగా పోయే దారికి ఒక ఉదాహరణ చూద్దాం: కెనడాలోని ఇకాలుయిట్, గ్రీన్‌లాండ్‌లోని నూక్. రెండూ 64వ డిగ్రీకి దగ్గర్లో ఉన్నాయి, రేఖాంశాల తేడా దాదాపు 17 డిగ్రీలు. మన పద్ధతిలో 825 కిలోమీటర్లు వస్తుంది, అసలు దూరం 822. ఇంకేం కావాలి? ఇదే 17 డిగ్రీల తేడా మన తెలుగు నేల అక్షాంశంలో ఉంటే దాదాపు 1,800 కిలోమీటర్లు ఉండేది.

కానీ హైదరాబాదు నుంచి లాంగియర్‌బియెన్‌కు ఇలాగే కట్టి చూడండి, నిండా మునుగుతారు. శంషాబాద్ 17 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల 26 నిమిషాల తూర్పు రేఖాంశం. త్రిభుజం 8,250 కిలోమీటర్లు అంటుంది. అసలు దూరం 7,530. ఏడు వందల కిలోమీటర్లు ఎక్కువ! ఇంత పెద్ద దూరానికి సగటు అక్షాంశం అన్నదానికి అర్థం లేదు. ఇలాంటప్పుడు మహావృత్తం (గోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి) సూత్రం వాడాలి. రెండు అక్షాంశాల సైన్లు గుణించండి. రెండు అక్షాంశాల కొసైన్లు, రేఖాంశాల తేడా కొసైన్, ఈ మూడింటినీ గుణించండి. ఈ రెండు ఫలితాలనూ కూడండి. వచ్చినదానికి విలోమ కొసైన్ తీస్తే భూకేంద్రం దగ్గరి కోణం వస్తుంది. ఇక్కడ 0.2901కు 0.0884 కూడితే 0.3785, కోణం 67.76 డిగ్రీలు. దాన్ని 111.2తో గుణిస్తే 7,535.

అయిదో మెట్టు: దూరాన్ని సమయంగా మార్చడం

దూరం ఎప్పుడూ అంతే ఉంటుంది. సమయం మాత్రం రోజుకో తీరుగా ఉంటుంది. అయినా ఒక పునాది అంకె వేసుకోవచ్చు.

ఈ దారిలో తిరిగేవి ఎక్కువగా బోయింగ్ 737 లాంటి జెట్లు. ఎత్తుకు చేరాక వాటి వేగం గంటకు సుమారు 830 కిలోమీటర్లు. 958ని 830తో భాగిస్తే 1.154 గంటలు, అంటే 69 నిమిషాలు. దీనికి ఒక అరగంట కలపండి. మొత్తం 99 నిమిషాలు. టికెట్టు మీది గంటా నలభై ఇదే!

ఆ అరగంట గాలిలోంచి ఊడిపడింది కాదు. టికెట్టు మీద రాసే సమయం గేటు దగ్గర చక్రాలు కదిలిన క్షణం నుంచి అవతలి గేటు దగ్గర ఆగిన క్షణం దాకా. నేలమీద పాకుతూ రన్‌వే చేరడానికి ఎనిమిదో పదో నిమిషాలు పడతాయి. పైకి ఎక్కేటప్పుడు పూర్తి వేగం ఉండదు, దిగేటప్పుడూ ఉండదు. ట్రోమ్సో రన్‌వే ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. దక్షిణపు గాలి వీస్తుంటే విమానం దక్షిణానికే లేచి, గిరుక్కున తిరిగి మళ్లీ ఉత్తరం పట్టాలి. లాంగియర్‌బియెన్ రన్‌వే ఇంచుమించు తూర్పు పడమరలుగా ఉంటుంది కాబట్టి ఉత్తరానికి వచ్చిన విమానం దిగే ముందు పక్కకు మళ్లక తప్పదు. ఇలాంటివన్నీ కలిస్తే అరగంట. చిన్న ప్రొపెల్లర్ విమానాలకు గంటకు 500 కిలోమీటర్లు వేసుకుని, పైన ఇరవై నిమిషాలు కలిపితే సరిపోతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో మరో దారితో పోల్చి చూడండి. ఓస్లో నుంచి లాంగియర్‌బియెన్‌కు నేరుగా 2,016 కిలోమీటర్లు. 830తో భాగిస్తే 146 నిమిషాలు, అరగంట కలిపితే 176, అంటే మూడు గంటలకు నాలుగు నిమిషాలు తక్కువ. నేరుగా పోయే విమానాల టికెట్ల మీద కనబడేది ఇంచుమించు ఇదే.

ఆరో మెట్టు: గాలి, చలి

యాభై నాట్ల గాలి, అంటే గంటకు 93 కిలోమీటర్లది, ఎదురొస్తే విమానం నేలకు సాపేక్షంగా 737తోనే కదులుతుంది. 69 నిమిషాల దారి 78 అవుతుంది. అదే గాలి వెనుక నుంచి తోస్తే 62. గమనించారా, పోగొట్టుకున్నది తొమ్మిది, దక్కింది ఏడు. ఎదురుగాలిలో ఎక్కువసేపు గడుపుతాం కాబట్టి నష్టమే పెద్దది. పోను రాను కలిపి చూస్తే గాలి ఉన్న రోజు ప్రయాణం ఎప్పుడూ కాస్త పొడుగే.

అయితే మన దారికి ఒక వెసులుబాటు ఉంది. పైఎత్తుల్లో గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది, మనం పోయేది ఉత్తరానికి. గాలి పక్కనుంచి కొడుతుంది. గంటకు 150 కిలోమీటర్ల పక్కగాలి ఉన్నా, ముక్కు కాస్త పడమటికి తిప్పుకుని పోతే వేగం 830 నుంచి 816కే తగ్గుతుంది. తేడా ఒక్క నిమిషం. ఇకాలుయిట్-నూక్ దారి అలా కాదు, అక్కడ ఒక వైపు తోపు, మరో వైపు అడ్డు.

చలి సంగతి చిత్రంగా ఉంటుంది. జెట్లు ధ్వని వేగంలో ఇంత భాగమని పెట్టుకుని ఎగురుతాయి. చల్లటి గాలిలో ధ్వని నెమ్మదిస్తుంది, దానితోపాటు విమానమూ నెమ్మదిస్తుంది. బయట మైనస్ 56 డిగ్రీలుంటే వేగం 834, మైనస్ 65 అయితే 817. ఇదీ ఒకటి రెండు నిమిషాలే. నిజంగా సమయం తినేది నేలమీది చలి. రెక్కల మీద పేరుకున్న మంచును వేడి ద్రవం చల్లి వదిలించాలి. పది పదిహేను నిమిషాలు అక్కడే పోతాయి, ముందు మరో రెండు విమానాలు వరసలో ఉంటే ఇంకా ఎక్కువ.

ఏడో మెట్టు: నిజంగా ఎగిరిన విమానాలతో సరిచూడటం

విమానాల జాడ చూపే వెబ్‌సైట్లలో ఈ దారిలో పోయిన రెండు వారాల విమానాలు తెరిచి, సమయాలు ఒక వరసలో రాసుకోండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలాచోట్ల చూపేది నేల వదిలిన క్షణం నుంచి నేల తాకిన క్షణం దాకా. టికెట్టు మీది సమయం గేటు నుంచి గేటు. రెండింటికీ పావుగంట, ఇరవై నిమిషాల తేడా సహజం. గంటా ఇరవై అని చూసి విమానం అంత ముందే చేరుతుందనుకోకండి.

గడియారాల తేడా కూడా చూసుకోవాలి. ట్రోమ్సో, లాంగియర్‌బియెన్ రెండింటికీ ఒకటే సమయం కాబట్టి దిగే గంటలోంచి బయల్దేరే గంట తీసేస్తే చాలు. ఇకాలుయిట్, నూక్ అలా కాదు. ఏడాదిలో చాలా రోజులు నూక్ గడియారం మూడు గంటలు ముందుంటుంది. రెండు గంటల ప్రయాణం టికెట్టు మీద అయిదు గంటల్లా కనబడుతుంది, తిరుగుదారిలో బయల్దేరక ముందే దిగినట్టుంటుంది. ఇంట్లోవాళ్లకు ఫోను చేసేవారికి మరో మాట: స్వాల్‌బార్డ్ కంటే మన గడియారం చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు ముందుంటుంది. అర్ధరాత్రి దాటాక దిగే విమానాలూ ఉన్నాయి. 00.30 అని ఉంటే అది మరుసటి తేదీ, హోటలు గది మాత్రం ముందు రోజు రాత్రికి తీసుకోవాలి.

లెక్కకు అందని ఆలస్యం ఒకటుంది. ట్రోమ్సోకు, స్వాల్‌బార్డ్‌కు మధ్య ఉన్నదల్లా సముద్రం. సగం దారి దాటాక బ్యోర్నోయా అనే ఎలుగుబంటి దీవి వస్తుంది. అక్కడ వాతావరణ కేంద్రం ఉంది కానీ జెట్టు దిగే రన్‌వే లేదు. లాంగియర్‌బియెన్‌లో మబ్బు కిందికి దిగితే, గాలి రన్‌వేకు అడ్డంగా కొడితే, విమానం వెనక్కి నార్వే భూభాగానికే పోవాలి. అందుకు సరిపడా ఇంధనం మోసుకునే బయల్దేరుతుంది. అంటే మూడు గంటలు గాల్లో ఉండి ఎక్కినచోటే దిగే అవకాశం కూడా ఈ గంటా నలభైలో కలిసి ఉంది. అందుకే స్వాల్‌బార్డ్ నుంచి తిరిగొచ్చిన రోజే ఇండియా విమానం పెట్టుకోవద్దని నేను గట్టిగా చెబుతాను, అందులోనూ రెండూ వేర్వేరు టికెట్లయితే. ఒక రాత్రి ఖర్చు దండగ అనిపిస్తుంది. పోయిన టికెట్టు ఖరీదుతో పోల్చుకోండి.

ఎనిమిదో మెట్టు: ఇంటి గుమ్మం నుంచి హోటలు గుమ్మం దాకా

స్వాల్‌బార్డ్ నార్వేదే అయినా షెంజెన్ పరిధిలో (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమిలో) లేదు. కాబట్టి లోపలి ప్రయాణంలా కనిపించే ఈ విమానానికి పాస్‌పోర్టు తనిఖీ ఉంటుంది. ఓస్లో నుంచి ట్రోమ్సో మీదుగా పోయే విమానాల్లో ప్రయాణికులను ట్రోమ్సోలో దించి, తనిఖీ చేసి, మళ్లీ ఎక్కిస్తారు. స్వాల్‌బార్డ్‌కు వీసా అక్కర్లేదు, కానీ అక్కడికి చేరాలంటే షెంజెన్ దాటాలి, తిరిగి మళ్లీ అందులోకే రావాలి. మనవాళ్లకు ఒక్కసారి ప్రవేశానికే చెల్లే వీసా ఉంటే తిరుగుదారిలో చిక్కుకుంటారు. కనీసం రెండుసార్లు ప్రవేశించడానికి వీలున్న వీసా తీసుకోవాలి. దూరం లెక్కలో పది కిలోమీటర్లు తప్పినా నష్టం లేదు, ఇది తప్పితే ప్రయాణమే లేదు.

ట్రోమ్సో ఊళ్లోంచి విమానాశ్రయానికి ఇరవై నిమిషాలు, అక్కడ గంటా ముప్పావు, విమానంలో గంటా నలభై, సామాన్లకు అరగంట, అవతల ఊళ్లోకి బస్సులో ఇరవై నిమిషాలు. మొత్తం నాలుగున్నర గంటలు దాటుతుంది.

అక్కడి నుంచి ఇంకా పైకి పోయేవారూ ఉన్నారు. నీ-ఓలెసుండ్‌లో 2008 నుంచి మన దేశపు పరిశోధన కేంద్రం హిమాద్రి ఉంది. లాంగియర్‌బియెన్ నుంచి అక్కడికి 110 కిలోమీటర్లు, చిన్న డోర్నియర్ 228 విమానంలో అరగంట లోపే. ఈ రకం విమానాన్ని మన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కాన్పూరులో తయారుచేస్తుంది. ఈ 110 ఎలా వచ్చిందో మీరే కట్టి చూడండి: నీ-ఓలెసుండ్ విమానాలు దిగే చోటు 78.93 ఉత్తరం, 11.87 తూర్పు.

మావాడు జనవరిలో వెళ్లాడు. సూర్యుడే ఉదయించని రోజులు. ఎలుగుబంటి దీవి కనిపిస్తుందేమోనని కిటికీ సీటు తీసుకుంటే చీకటి తప్ప మరేమీ కనబడలేదట. లెక్క వేసిన కాగితం వెనకవైపు సమయాలు రాసి ఫొటో తీసి పంపాడు. గేటు వదిలింది 11.52, ఆగింది 1.36. నూట నాలుగు నిమిషాలు. మన అంకె 99. కింద చిన్న అక్షరాలతో రాశాడు: “మిగతా అయిదూ రెక్కలు కడగడానికి, మామయ్యా.”